రోహిణి ఎండల్లో హాట్ టబ్

మా పెరట్లో హాట్ టబ్ ఉందని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "ఈ ఎండల్లో వేడినీళ్ళేంటండీ బాబూ?" సబబైన ప్రశ్నే. మాది భీమవరం నుంచి నర్సాపురం వెళ్ళే దారిలో కాస్త లోపలికున్న ఊరు. రొయ్యల చెరువులు మా బతుకుదెరువు. మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీలు తగులుతుంది, దానికి తోడు ఉక్కపోత. డాబా మీది ట్యాంకు నీళ్ళు తిన్నగా ఒంటిమీద పోసుకోలేం, బకెట్లో పట్టి చల్లార్చుకోవాలి. అలాంటి చోట నీళ్ళు కాచే టబ్బు.

అది నేను కొన్నది కాదు. మా అల్లుడు హైదరాబాదులో తన ఇంటి మేడ మీద పెట్టించుకున్నాడు. ఉద్యోగం మారి అమెరికా వెళ్తూ "మావయ్యగారూ, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, ఉంచుకోండి" అని లారీకెక్కించి పంపేశాడు. అల్లుడు ఇచ్చింది వద్దనే మామగారు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. అయిదుగురు కూర్చునే యాక్రిలిక్ టబ్బు, 1,100 లీటర్లు పడతాయి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా అందులో కూర్చుని మెచ్చుకున్నారు. చలికాలంలో దానితో చెప్పుకోదగ్గ పనేమీ లేదు. వేడి ఎంత కావాలో నొక్కడం, నీళ్ళ మందు చూసుకోవడం, బయటికి వచ్చాక మూత వేయడం, అంతే. అసలు చాకిరీ శివరాత్రి వెళ్ళాక మొదలవుతుంది.

కూర్చోబెట్టడం గురించి ముందు రెండు మాటలు. 1,100 లీటర్లంటే 1,100 కిలోలు. టబ్బు బరువు, అయిదుగురు మనుషుల బరువు కలిపితే 1,700 కిలోల దాకా పోతుంది. మా నేల నల్లమట్టి, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే రకం. అందుకని ఇసుక పోసి, దిమ్మిస కొట్టి, ఇనుము కట్టి శ్లాబు వేయించాం. కొబ్బరిచెట్ల కింద నీడగా ఉంటుంది కదా అని మా ఆవిడ అంది గానీ, కాయ రాలితే మూత సంగతి సరే, లోపల కూర్చున్నవాడి తల సంగతేంటి? చెట్లకి దూరంగా పెట్టి, పైన నర్సరీల వాళ్ళు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ కడియం నుంచి తెచ్చి పందిరి వేశాం. ఈ నీడే మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన పని, అన్నిటికంటే లాభమైన పని కూడా. ఇక కరెంటు. ఎర్తింగ్ సరిగ్గా లేకుండా, లీకేజీ వస్తే చటుక్కున పడిపోయే ఆర్‌సీసీబీ లేకుండా ఆ వైరు కలపనని మా ఎలక్ట్రీషియన్ భీష్మించాడు. "నీళ్ళలో కూర్చునేది మీరండి, నేను కాదు. ఆయ్" అన్నాడు. అలాంటివాడు దొరకడం మా అదృష్టం.

ఇప్పుడు అసలు సంగతి. ఎండాకాలంలో హాట్ టబ్‌తో వచ్చే సమస్య వేడెక్కకపోవడం కాదు, చల్లారకపోవడం. మార్చి నెలాఖరులో హీటర్ పూర్తిగా ఆపేశాను, తెరమీద 26 డిగ్రీలు పెట్టాను. నీళ్ళు మాత్రం 34 అయ్యాయి, తర్వాత 36, ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి 38 చూపిస్తున్నాయి. హీటర్‌ని వేసి ఆపే రిలే అతుక్కుపోయిందేమోనని టెన్షన్ పడి బ్రేకర్ దింపించి చూపించాను. హీటర్‌కి ఏ రోగమూ లేదు. వేడి పంపు నుంచి వస్తోంది. ఈ టబ్బులు చలిదేశాల కోసం చేసినవి. చుట్టూ ఫోమ్ దట్టించి, లోపల పుట్టిన వేడి బయటికి పోకుండా బిగించేస్తారు. నీళ్ళు వడకట్టడానికి తిరిగే చిన్న పంపు 300 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకి 8 గంటలు తిరిగితే ఆ వేడంతా నీళ్ళలోకే చేరి రోజుకి దాదాపు రెండు డిగ్రీలు పెంచుతుంది. అది బయటికి పోవడానికి దారి లేదు. బయట గాలే 40 ఉంటే ఎక్కడికి పోతుంది?

అప్పటినుంచి పంపు తిరిగే వేళలు మార్చాను. తెల్లవారుజామున రెండు గంటలు, రాత్రి పొద్దుపోయాక రెండు గంటలు, పగలు సున్నా. రాత్రి పంపు తిరిగేటప్పుడు మూత తీసేసి, ఒంటిమీదికి నీళ్ళు చిమ్మే జెట్లకి గాలి కలిపే వాల్వులన్నీ తెరిచి పెడతాను. నీళ్ళు బుడగలు కక్కుతూ ఆవిరవుతుంటే వేడి దిగుతుంది. ఎంత దిగుతుందన్నది గాలిని బట్టి. పడమటి గాలి పొడిగా వీచిన రాత్రి తెల్లారేసరికి 30కి వచ్చిన రోజులున్నాయి. సముద్రం వైపు నుంచి తేమగాలి తోలిన రాత్రి ఎంత ఊపినా 33 దగ్గరే మొండికేస్తుంది. పగలు మాత్రం మూత తీయకూడదు, ఎండ నేరుగా నీళ్ళమీద పడనివ్వకూడదు. మా వేళలు టబ్బుతో వచ్చిన పుస్తకంలో రాసిన వేళలకి పూర్తిగా తలకిందులు.

మా మేనల్లుడికి దీనికంటే సుళువైన ఉపాయం తట్టింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు, చేపలు ప్యాకింగు చేయడానికి ఐసు ఫ్యాక్టరీలు కొల్లలు. ఎండాకాలం సెలవులకి పిల్లలంతా దిగారు కదా అని ఆటోలో 50 కిలోల ఐసు దిమ్మ వేసుకొచ్చి, నేను చెరువు దగ్గరున్న టైములో టబ్బులోకి తోశాడు. లెక్క చూస్తే వాడు తెలివిగలవాడే. 10 కిలోల ఐసు కరిగి నీళ్ళతో సమానమయ్యేసరికి 1,100 లీటర్లని ఒక డిగ్రీ దించుతుంది. 50 కిలోలకి అయిదు డిగ్రీలు. పిల్లలు సాయంత్రం దాకా బయటికి రాలేదు. కానీ అది చేపల మీద వేసే ఐసు, తాగే నీళ్ళతో చేసింది కాదు, పైగా ఊక, గోనెసంచి పీచు అంటుకుని వచ్చింది. రాత్రి పరీక్ష చేస్తే, నీళ్ళలో సూక్ష్మజీవుల్ని చంపే క్లోరిన్ పూర్తిగా సున్నా. ఫిల్టర్ తీస్తే ఊక. నీళ్ళు మళ్ళీ దారికి రావడానికి మందు పోసి, పంపు తిప్పి, రెండు రాత్రులు పట్టింది. ఈలోపు పంపు వేడికి టబ్బు మళ్ళీ మొదటికొచ్చింది. "ఐసు కావాలంటే మజ్జిగలో వేసుకోరా" అని మా ఆవిడ వాడికి గట్టిగానే చెప్పింది.

నీళ్ళ మందుల విషయంలో మాత్రం నాకు ఎవరి సలహా అవసరం లేకపోయింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే కదా. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం), ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం), హార్డ్‌నెస్ (నీళ్ళ కఠినత్వం) అన్న మాటలకి టబ్బు కొన్నవాళ్ళు బెదురుతారని అల్లుడు చెప్పాడు. మా ఊళ్ళో టీ బడ్డీ దగ్గర రోజూ వినపడే మాటలవి. చెరువు నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్లు తిప్పడం, ఆల్కలినిటీ పడిపోతే సోడా చల్లడం, ల్యాబు రిపోర్టు చూసి మినరల్స్ వేయడం మాకు అలవాటైన పనులు. తేడా ఒక్కటే, అది చాలా పెద్ద తేడా. చెరువులో నీళ్ళు బతికి ఉండాలి. కాస్త ఆకుపచ్చ రంగు ఉండాలి, పాచి ఉండాలి, మంచి బ్యాక్టీరియా ఉండాలి. టబ్బులో ఏదీ బతక్కూడదు. చెరువు నీళ్ళు రంగు తిరిగితే రైతు మొహం వెలుగుతుంది, టబ్బు నీళ్ళు రంగు తిరిగితే పారబోయాలి. వనామీ రొయ్యకి పీహెచ్ 8 ఉన్నా 8.3 ఉన్నా నిద్రపోతాను. టబ్బుకి 7.2 నుంచి 7.8 లోపే ఉండాలి. 8 దాటితే మనం వేసిన క్లోరిన్‌లో నాలుగో వంతు కూడా సూక్ష్మజీవుల మీద గట్టిగా పనిచేయదు, మిగతాది దండగ.

చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ ఎందుకు ఎక్కుతుందో ప్రతి రైతుకీ తెలుసు. పాచి ఎండలో కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది కాబట్టి. టబ్బులో పాచి లేకపోయినా పీహెచ్ ఎక్కుతూనే ఉంటుంది. జెట్లు గాలి కలిపి ఆ వాయువుని చెదరగొడతాయి కాబట్టి. అంటే నేను రాత్రుళ్ళు చల్లబరచడానికి బుడగలు ఎంత తోలితే పీహెచ్ అంత పైకి పోతుంది. వేసవిలో రెండు రోజులకోసారి పీహెచ్ దించే పొడి కొద్దిగా వేయక తప్పదు. దాంతో ఆల్కలినిటీ కూడా దిగుతుంది. దాన్ని 80 నుంచి 120 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) మధ్య ఉంచుకోవాలి. తగ్గితే వంటసోడా. మా టబ్బుకి 18 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. చెరువుకి బస్తాల్లో వేసే చేత్తో చెంచాతో కొలవడం మొదట్లో నవ్వొచ్చేది.

క్లోరిన్ 3 పీపీఎంకి తగ్గకూడదని అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళ సీడీసీ చెప్తుంది, మామూలు ఈతకొలను కంటే ఎక్కువ. గోరువెచ్చని నీళ్ళలో క్లోరిన్ తొందరగా ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. ఇవి రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఎండాకాలంలో టబ్బు వాడినా వాడకపోయినా రోజూ చూడాల్సిందే. ఒంటిమీద ఎర్రటి పొక్కులు తెప్పించే సూడోమోనాస్, ఊపిరితిత్తులకి పట్టుకునే లీజియోనెల్లా ఈ వెచ్చదనంలోనే విజృంభిస్తాయి. కొత్తగా పెట్టుకున్నవాళ్ళు హీటర్ ఆపేశాం కదా, ఇప్పుడు మామూలు నీళ్ళే కదా అనుకుంటారు. హీటర్ ఆగినా 35 డిగ్రీల నీళ్ళు 35 డిగ్రీల నీళ్ళే.

మా బావమరిది "ఆక్వా షాపులో బ్లీచింగ్ బస్తా ఉండగా ఈ డబ్బాలెందుకు బావా" అన్నాడు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతు ఉంటే గొప్ప, మిగతాది సున్నం. చెరువులో అడుక్కి దిగుతుంది, టబ్బులో ఫిల్టర్‌కి పట్టేస్తుంది. టబ్బుతో వచ్చిన గుళికల మందు 6 గ్రాములు వేస్తే మా నీళ్ళకి 3 పీపీఎం వస్తుంది. దానితో వచ్చే చిక్కు, అందులో సయన్యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఎండకి క్లోరిన్ హరించుకుపోకుండా అది కాపాడుతుంది గానీ, నీళ్ళలో పేరుకునే కొద్దీ క్లోరిన్‌ని మందకొడిగా చేస్తుంది. అందుకే సీడీసీ హాట్ టబ్బుల్లో దాన్ని వాడొద్దనే చెప్తుంది. మాకు నీడ ఉంది, పగలు మూత ఉంది, ఎండ భయం తక్కువ. అందుకని ద్రవరూపంలో దొరికే 10 శాతం హైపోక్లోరైట్‌కి మారాను, 33 మిల్లీలీటర్లు పోస్తే 3 పీపీఎం. ఇది కూడా మా ఎండలకి డబ్బాలోనే బలం కోల్పోతుంది. చిన్న డబ్బా తెచ్చుకుని చీకటి గదిలో పెట్టాలి. పీహెచ్ దించే మందు పక్కన మాత్రం పెట్టకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఆ గదిలో మనిషి ఉండలేడు.

వేసవిలో ఇంకో పరీక్ష, పెళ్ళిళ్ళు. పెళ్ళికని వచ్చి, సాయంత్రం టబ్బు చూసి ముచ్చటపడి దిగుతారు. తలకి కొబ్బరినూనె, కాళ్ళకి పసుపు, పిల్లల ఒంటికి పౌడరు. జెట్లు వేయగానే జానెడు నురగ. టబ్బు చుట్టూ జిడ్డు గీత. నురగ పోగొట్టే మందు సీసాలో దొరుకుతుంది గానీ అది పైపై వేషం, నూనె లోపలే ఉంటుంది. చుట్టాల్ని స్నానం చేసి రమ్మని చెప్పడం మన వైపు ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు. కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, "సబ్బు పెట్టి తల రుద్దుకుని రా నాయనా, ఇది గోదారి కాదు పారిపోడానికి" అని ఎంతటివాణ్ణైనా వెనక్కి పంపుతారు. ఫిల్టర్‌ని వారానికోసారి పైపుతో మడత మడతా కడుగుతాను. నెలకోసారి జిడ్డు విరిచే మందులో రాత్రంతా నానబెడతాను. జిడ్డు వదిలించకుండా యాసిడ్‌లో మాత్రం ముంచకూడదు, నూనె గుడ్డలోకి ఇంకిపోయి ఇక రాదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది నీళ్ళే. డెల్టాలో ఉండి నీళ్ళ కొరతా అని బయటివాళ్ళు నవ్వుతారు. రబీ కోతలయ్యాక, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువకి నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ వదిలేది జూన్‌లోనే. ఆ మధ్యకాలం ఊరికి మంచినీళ్ళ చెరువే దిక్కు. మా బోరు నీళ్ళు ఉప్పు. అవి టబ్బులో పోస్తే హీటర్ కాయిల్‌కీ, స్టీలు ముక్కలకీ తుప్పు. ఇనుము కూడా ఉన్నచోట క్లోరిన్ తగలగానే నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. జనం బిందెలతో లైను కట్టే రోజుల్లో మంచినీళ్ళ చెరువు నుంచి నా సరదాకి 1,100 లీటర్లు తోడుకోవడం నాకు ఇష్టం లేదు. పంచాయతీ వాళ్ళు అడగకపోవచ్చు, అది వేరే విషయం.

అందుకని కాలువ కట్టేయడానికి ముందే, మార్చిలో, ఇంటి వెనక బోదెలో నీళ్ళు పారుతుండగానే ట్యాంకులోకి తోడి, పటిక వేసి తేర్చి, వడకట్టి టబ్బు నింపేస్తాను. ఆ నీళ్ళు జూన్ దాకా లాగాలి. నీళ్ళు ఎన్నాళ్ళు ఆగుతాయో చెప్పే లెక్క ఒకటుంది. లీటర్లని 11తో, తర్వాత రోజుకి దిగే మనుషుల సంఖ్యతో భాగించాలి. మాకు రోజుకి ఒక్కరైతే 100 రోజులు, ఇద్దరైతే 50, అయిదుగురైతే 20. ఈ లెక్క చూశాకే ఎండాకాలంలో రోజూ అందరూ దిగడం కుదరదని ఇంట్లో తేల్చాం. పెళ్ళిళ్ళ గుంపుకి మా అత్తగారి కుర్చీ అక్కర్లేకుండా మూతకి తాళమే వేసేస్తున్నాం ఇప్పుడు. రాత్రుళ్ళు మూత తీయడం వల్ల ఆవిరైన నీటికి బదులు ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్నులు తెచ్చి పోస్తాను.

ఎండలో ఇందులో దిగడం ఒంటికి మంచిదేనా అని అడుగుతారు. 40 డిగ్రీలకి మించి ఎప్పుడూ, ఎవరూ పెట్టకూడదు. అది చలికాలం మాట. ఎండాకాలంలో 37 కూడా ఎక్కువే. గాలిలో ఉంటే చెమట ఆరి ఒళ్ళు చల్లబడుతుంది. మెడ దాకా నీళ్ళలో ఉన్నవాడికి చెమట పట్టినా ఆరదు. నీళ్ళు ఒంటికంటే వెచ్చగా ఉంటే వేడి లోపలికే ఎక్కుతుంది. తల తిరుగుతుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. నీళ్ళు 32, 33 ఉంటేనే నేను దిగుతాను. ఆ వెచ్చదనంలో వేడీ తెలియదు, చలీ తెలియదు. రాత్రి భోజనానికి ముందు, చెరువు గట్టు మీద తిరిగి వచ్చిన మోకాళ్ళకి పావుగంట జెట్లు చాలు. ముందు ఒక కొబ్బరిబోండం. బీరు తాగి దిగుతానన్న బావమరిదిని దిగనివ్వలేదు. మా అత్తగారికి గుండె మందులు నడుస్తున్నాయి, డాక్టరు వద్దన్నారు. కడుపుతో ఉన్న మేనకోడలు కాళ్ళు మాత్రం పెట్టుకుని కూర్చుంది. అయిదేళ్ళ లోపు పిల్లల్ని అసలు దింపం, వాళ్ళకి ప్లాస్టిక్ తొట్టి వేరే ఉంది.

ఇక చిల్లర బాధలు. కరెంటు పోతే నీళ్ళు కదలవు. గంటో రెండు గంటలో అయితే పర్వాలేదు, అర్ధరోజు పోతే రాగానే క్లోరిన్ పోసి పంపు తిప్పాలి. "రొయ్యలకి జనరేటరుంది, ఇంటికి లేదు" అని మా ఆవిడ ఎత్తిపొడుస్తుంది. టబ్బు కింది అరలో నీడకీ చల్లదనానికీ కప్పలు చేరతాయి, కప్పల కోసం పాములు. చుట్టూ సన్నకన్ను జాలీ కొట్టించాం, అది ఎలకల నుంచి వైర్లని కూడా కాపాడింది. దోమలు క్లోరిన్ నీళ్ళలో గుడ్లు పెట్టవు గానీ మూత మడతలో నిలిచిన వాననీళ్ళలో పెడతాయి. మే నెలలో సాయంత్రం ఈదురుగాలి లేస్తే, ఉరుము వినపడగానే బయటికి రావాలి.

కరెంటు బిల్లు సంగతి చాలామంది అడుగుతారు. సంక్రాంతి నెల కంటే మే నెలలో టబ్బు ఖర్చు తక్కువ, హీటర్ పనే లేదు కాబట్టి. ఆదా అయిన డబ్బులు మందులకీ ఆర్వో టిన్నులకీ పోతాయి.

జూన్‌లో కాలువకి నీళ్ళొచ్చాక పాత నీళ్ళు వదిలేస్తాను. చెరువు వైపు పోతే రొయ్యకి ప్రమాదం. అందుకని ముందురోజు నుంచే క్లోరిన్ ఆపి, రొయ్యపిల్లల హ్యాచరీల వాళ్ళు క్లోరిన్‌ని విరిచేయడానికి వాడే సోడియం థయోసల్ఫేట్ ఓ 25 గ్రాములు కలిపి, పరీక్షలో సున్నా చూశాక కొబ్బరి మొదళ్ళకి మళ్ళిస్తాను. గోదావరికి వరద వచ్చి ఎర్రనీళ్ళు దిగాయంటే పటికకి అంత తేలిగ్గా లొంగవు, అందుకని వరదకి ముందే మళ్ళీ నింపేయాలి. ఆ నింపడంతో పంపు వేళలు మామూలుకి మారుస్తాను. హీటర్ బ్రేకర్ మాత్రం కార్తీకం దాకా కిందికే.